రబ్బరు మడతలో అతుకు

“మళ్ళ కారింది నీ మిషిను,” అంది జోజమ్మ, కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని.

ఇంటిల్లిపాది బట్టలూ ఉతికే మిషిను నీళ్ళు కారినప్పుడు మాత్రం కోడలిదైపోతుంది. ఆరాధన పాత లుంగీ తెచ్చి గచ్చు మీద పరిచింది. మూడు వారాలుగా ఇదే వరస. ఆమె భర్త ప్రభు సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్లు బాగుచేసే ఫిట్టరు. అతని యూనిఫాం చేత్తో ఉతకాలంటే నాలుగు బకెట్ల నీళ్ళు నల్లబడాలి, మణికట్లు పడిపోవాలి. మిషిను వచ్చాక, బడి నుంచి రాగానే బట్టలు వేసి బటను నొక్కితే గంటంపావు తనది. ఆ గంటంపావూ పక్కనే స్టూలు వేసుకుని సర్కారు టీచరు పరీక్షకు చదువుకునేది. రేపటి నుంచి రావొద్దంటే మాట్లాడకుండా ఇంటికి రావాల్సిన ప్రైవేటు బడి ఉద్యోగం నుంచి బయటపడటానికి ఆమెకున్న దారి ఆ పరీక్ష ఒక్కటే. ఇప్పుడా గంట గచ్చు తుడవడానికే పోతోంది.

“ఆదివారం పోనియ్, పాత సామాన్లోనికి ఏసేద్దాం,” అన్నాడు ప్రభు అన్నం కలుపుకుంటూ. “దాని పని అయిపోయింది. నువ్వు పౌడరు గుమ్మరిస్తే గట్లనే అయితది.”

“వీళ్ళ అమ్మగారోళ్ళు దుమ్ముగూడెంల గోదారి ఒడ్డున బండకేసి బాదినోళ్ళు,” అంది జోజమ్మ. “వీళ్ళకు మిషిన్ల సోకు.”

ఇంట్లో ఏది పాడైనా ఆరాధన ముందు తననే అనుమానించుకునేది. పౌడరు సగానికి తగ్గించింది. రెండుసార్లుగా వేసింది. అయినా కారింది. పుట్టింటి వంశంలో మొదటి డిగ్రీ తనది. ఆ డిగ్రీ ఒక బటను దగ్గర ఓడిపోయినట్టు సిగ్గుపడింది కూడా. కానీ ఆ రోజు తడి లుంగీ పిండుతుంటే ఇంకో ఆలోచన వచ్చి ముల్లులా దిగింది. డంపరు కింద దూరి ఆయిలు ఏ సందులోంచి కారుతోందో చెప్పగల మనిషి, సొంతింట్లో మూడు వారాలుగా నీళ్ళు కారుతుంటే ఒక్కసారైనా వంగి చూడలేదేం? మెకానిక్ కోటేష్‌ను పిలుద్దామంటే రెండుసార్లూ మాట మార్చాడేం?

ఆదివారం తలనొప్పి అని చెప్పి చర్చికి పోలేదు. ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

“ఆరాధన అని పేరు పెట్టుకొని ఆరాధనకే ఎగ్గొడ్తవా?” అని జోజమ్మ బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మం దిగింది.

తల్లీకొడుకుల బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగి ప్లగ్గు పీకింది. గచ్చు పొడిగా తుడిచి మిషిను చుట్టూ పేపర్లు పరిచింది. నీళ్ళొచ్చే పైపును వేళ్ళతో తడిమి చూసింది, పొడి. పోయే పైపూ పొడే. కింద మూలనున్న ఫిల్టరు మూత కింద పళ్ళెం పెట్టి మెల్లగా తిప్పింది. బొగ్గు బురద, దానిలో చిటికెన వేలంత బోల్టు. కడిగి, మూత బిగించి, ప్లగ్గు పెట్టి రెండు దుప్పట్లు వేసి నడిపింది. ఫిల్టరు దగ్గర చుక్క లేదు. డ్రమ్ము తిరగడం మొదలయ్యాక, మిషిను గాజు తలుపు కింది అంచున ఒక చుక్క ఊరి, ఆగి, జారింది.

నీళ్ళు పోనిచ్చి తలుపు తీసింది. లోపలి రబ్బరు మడత వేళ్ళతో వెనక్కి లాగింది. అడుగున గోరంత కోత. కోత మీద బండి ట్యూబు ముక్క ఒకటి, అంచులు గుండ్రంగా కత్తిరించి, పంచరు సొల్యూషన్‌తో అతికించి ఉంది. సగం ఊడి వేలాడుతోంది. ఇంట్లో పంచరు సొల్యూషన్ ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. ప్రభు బండి డిక్కీలో.

అంటే అతనికి తెలుసు. ఎక్కడ కారుతోందో, అతని యూనిఫాం జేబులోని బోల్టు వల్లే కోసుకుపోయిందనీ అన్నీ తెలుసు. తెలిసీ రోజూ పౌడరు గురించే మాట్లాడాడు. తప్పు ఒప్పుకోలేకనా, లేక తన చదువు గంట పోతే మంచిదే అనుకున్నాడా? మొదటిదైతే పిరికితనం. రెండోదైతే ఏమనాలో ఆమెకు మాట దొరకలేదు.

మధ్యాహ్నం వచ్చి తడిసిన పేపర్లు చూశాడు ప్రభు. “చూసినవా? పౌడరు తగ్గియ్ అంటే ఇనవ్.”

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను చెప్పులు విప్పుకోవడంలో మునిగిపోయాడు.

సోమవారం బడి నుంచి వస్తూ కోటేష్ షాపులో మిషిను నంబరు చెప్పి కొత్త రబ్బరు తెచ్చింది. ప్లగ్గు పీకి, కుళాయి కట్టేసి, రబ్బరును పట్టి ఉంచే తీగ చుట్టును ఊడదీసి పాతది లాగేసింది. నీళ్ళుపోయే చిల్లులు అడుక్కి వచ్చేట్టు చూసుకుంటూ, కోటేష్ చెప్పినట్టు సబ్బు నీళ్ళు రాసి కొత్తది ఎక్కించింది. తీగ బిగించడానికి రెండు చేతులు చాలలేదు.

“అత్తమ్మా, ఇక్కడ అదిమి పట్టండి.”

జోజమ్మ గొణుగుతూ కూర్చుంది. పక్కన పడున్న పాత రబ్బరు మీద ఆమె చూపు ఆగింది. “గీ అతుకు ఎవరేసిండ్రు?”

“మనింట్ల పంచర్లు ఎవరేస్తరు?”

జోజమ్మ ఆ అతుకును గోటితో గీకి చూసింది. తర్వాత, “జేబుల ఏమన్న ఉండెనేమో. ముందుగాల చూస్కోవద్దా నువ్వు?”

“మొగోని జేబుల చెయ్యి పెడితే అనుమానించినట్టు, మనింట్ల ఆ అలవాటు లేదని పెళ్ళైన వారంలోనే చెప్పిండ్రు గదా అత్తమ్మా. ఇన్నేళ్ళల్ల ఒక్కసారి పెట్టలే.”

జోజమ్మ తీగను రెండు బొటనవేళ్ళతో, గోళ్ళు తెల్లబడేదాకా అదిమి పట్టింది. టప్పుమని తీగ గాడిలో కూర్చుంది.

ప్రభు వచ్చేసరికి మిషిను తిరుగుతోంది. గచ్చు పొడి.

“కోటేష్ వచ్చిండా?”

“లేదు. నేనే ఏసిన.”

అతని కళ్ళు పాత రబ్బరు మీద పడి, గోడ మీదికి పోయాయి. “అది... చెప్దామనే అనుకున్న. నువ్వు చదువుకుంటుంటివి, డిస్టర్బ్ ఎందుకని.”

జోజమ్మ వంటింట్లోంచి గట్టిగా దగ్గింది. అది నవ్వో దగ్గో ఆరాధనకు అర్థం కాలేదు.

అతను అలవాటుగా యూనిఫాం విప్పి మిషిను మీద పడేశాడు. ఆమె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి మళ్ళీ అతని చేతికే ఇచ్చింది.

“జేబులు చూసుకొని ఇగ నుంచి మీ బట్టలు మీరే వెయ్యండి. ఏ బటనో చూపిస్త. ఒక్కసారే చూపిస్త.”