చీటీ చివరి వరుస

వంతెన మీదుగా నీళ్లు పారిన వరద వచ్చింది చూడండి, దాని మరుసటి ఏడు జరిగింది ఇది. ఆ మధ్యాహ్నం వంటగదిలో రెండు పొయ్యిలే మండుతున్నాయి. మూడోది వరదలో మునిగి, గొట్టాల్లో బురద పట్టి పాడైంది. ఉన్న రెండింటి మీదే అన్నం, కోడికూర, సూపు, గుడ్డట్లు అన్నీ మార్చి మార్చి దించాలి. మాస్టరు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పొయ్యి పక్క బల్ల మీద చిన్న మిషను కిర్రుమంది. చీటీ నాలుక చాపినట్టు బయటికొచ్చింది.

హోటల్లో వంట చేసేవాణ్ణి మాస్టరనే పిలుస్తారు. ఇతను చదివింది మూడో తరగతి. పెట్టెలు కట్టే బల్ల దగ్గర ఉండేది అతని భార్య చెల్లెలు. వరదకు ముందే అతను ఆమెను ఈ పనిలో పెట్టించాడు. "మూడు క్లాసుల మాస్టరు మా బావ" అని ఆమె కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది.

వరద తర్వాత ముందుగదిలో బల్లలు ఉబ్బి పగిలాయి. కూర్చుని తినేవాళ్లు రావడం మానేశారు. ఇళ్లకు పంపే ఆర్డర్లే మిగిలాయి. మొదట్లో అవి యజమాని ఫోనులో పడేవి. ఆయన చూసి, కిటికీలోంచి వంటగదిలోకి కేకేసేవాడు. మాస్టరు అదే మాట తిప్పి అరిచేవాడు. బల్ల దగ్గర మరదలు "సరే" అనేది. ముగ్గురూ అంటేనే ఆర్డరు అందినట్టు. అయితే యజమాని బజారుకెళ్లినప్పుడో, కాస్త కునుకు తీసినప్పుడో ఆర్డర్లు చూసేవాళ్లు లేక, తెప్పించుకున్నవాళ్ల చేత తిట్లు పడేవి. అందుకని ఈ మిషను కొన్నాడు. ఎవరింట్లోనో వేలు నొక్కగానే ఇక్కడ కాగితం దానంతటదే వస్తుంది. "ఇక నా నోటికి సెలవు మాస్టరూ" అన్నాడాయన.

అలా కేకేసే పని మాస్టరు మీద పడింది. మొదటి రోజుల్లో చెమటలు పట్టాయి. అక్షరాలు కూడబలుక్కోవాలి. పొగ లాగే ఫ్యాను హోరులో మరదలికి వినపడాలంటే గట్టిగా చదవాలి. అతను ఒక్కో అక్షరమూ పట్టుకుని పైకి చదివేవాడు, వాక్యం చివరికొచ్చాక గాని అర్థమయ్యేది కాదు. "నువ్వు చదివేలోపు వాళ్లు ఆకలి మరిచి పడుకుంటారు బావా" అనేది మరదలు. పోనుపోను అలవాటైంది. అలవాటయ్యాక ఇష్టమైంది. ఎప్పుడో బళ్లో నేర్చిన మూడు ముక్కలు అరవై దాటాక అన్నం పెడుతున్నాయని లోపల కాస్త గర్వం కూడా వచ్చింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అతను అసలే మాటలు తక్కువ మనిషి.

ఆ మధ్యాహ్నం చీటీ చింపి వెలుతురుకు పెట్టుకున్నాడు.

"రెండు అన్నం. ఒక కోడికూర. రెండు గుడ్డట్లు. కారం తక్కువ." ఇంకో వరుస ఉంది. గొంతు ఇంకాస్త పెంచాడు. "మచ్... మచ్చల... చేతు... చేతులామె... కట్ట... కూడదు."

"సరే బావా" అంది మరదలు.

అలవాటు కొద్దీ అనేసింది. ఆ తర్వాత ఆమె చేతులు ఆగాయి.

ఆమెకు బొల్లి. వేళ్ల కొసల దగ్గర మొదలై మోచేతుల దాకా తెల్లగా పాకింది. గడ్డం మీద కూడా ఒక మచ్చ. నొప్పి లేదు, దురద లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాటే ఆమె అందరికీ చెప్పి చెప్పి, విసుగొచ్చి మానేసింది. ఆ చీటీ పంపిన ఇంటివాళ్లెవరో ఒకసారి తామే వచ్చి, కిటికీ దగ్గర ఆమె చేతుల్లోంచి సంచీ అందుకుని ఉంటారు.

కూరగాయలు తరిగే ఆమె తల వంచుకుని ఉల్లిపాయల మీద పడింది. కిటికీ అవతల సంచీ కోసం నిలబడ్డ కుర్రాడు ఫోనులోకి చూశాడు. మాస్టరు చీటీని ఇంకోసారి చూసుకున్నాడు, తప్పు చదివానేమోనని. అన్ని అక్షరాలూ సరిగానే ఉన్నాయి. కారం తక్కువ అన్న మాట ఎంత నల్లగా పడిందో, ఈ మాటా అంతే నల్లగా పడింది. తల కొట్టేసినట్టయింది అతనికి.

యజమాని లోపలికొచ్చి ఆ పెట్టె తనే కట్టాడు. చెడ్డవాడేం కాదు. మరదలి మొహం చూడకుండా మాట్లాడాడు. ఆ ఇంటివాళ్లు వారంలో మూడుసార్లు తెప్పించుకునేవాళ్లట. ఫోనులో ఒక చెడ్డ మాట రాసి పెట్టారంటే పది ఇళ్లు చూస్తాయట. నాలుగు రోజులు అంట్లు తోమే దగ్గర ఉండమన్నాడు. అక్కడ కూలి రోజుకు నూట యాభై తక్కువ. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"గ్లౌజులు వేసుకుంటాను సార్" అంది ఆమె.

"గడ్డానికేం వేస్తావమ్మా?" అన్నాడు. అన్నాక తనకే బాగోలేక మాస్టరు వైపు తిరిగాడు. "ఏమంటావు మాస్టరూ? నాకేమైనా పట్టింపా? వాళ్లడిగారు."

మాస్టరు కూర కలుపుతున్నాడు. అది అడుగంటే కూర కాదు. కలపాల్సిన పనే లేదు.

మరదలు బల్ల మీది తన తువ్వాలు తీసుకుని వెనక పంపు దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన చీటీలను అతను చదవలేదు. పట్టుకెళ్లి బల్ల మీద యజమాని ముందు పెట్టి వచ్చాడు.

పొద్దు వాలాక ఇద్దరూ నడిచే ఇంటికెళ్లారు. ఒకే వీధి, ఒకే గోడ అటూ ఇటూ కాపురాలు. రోజూ దారి పొడుగునా ఆమె మాట్లాడేది, అతను ఊఁ కొట్టేవాడు. ఇవాళ ఆమె కాస్త ముందు నడిచింది. వీధి మలుపులో అతనే నోరు తెరిచాడు, అది నా మాట కాదని చెప్పబోయాడు.

"తెలుసులే బావా. రాసినవాళ్లెవరో ఏమో" అంది. రెండడుగులు వేసి, "నాకు మటుకు నీ గొంతే వినపడింది" అంది.

అతను కాళ్లు కడుక్కుని వచ్చేలోపే భార్యకు గోడవతల నుంచి కబురు అందింది. కంచం పెడుతూ అడిగింది. "మా చెల్లిని తీసుకెళ్లి పెట్టింది నువ్వు. ఆయన పక్కకు పొమ్మంటే నువ్వేమన్నావు?"

"ఏమంటాను."

"అదే, ఏమన్నావని."

అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. కంచంలో అన్నం చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మరదలు తన బల్ల వైపు చూడకుండా వెనక్కి వెళ్లింది. పంపు విప్పిన చప్పుడైంది. మాస్టరు పొయ్యిలు వెలిగించి ఎసరు పెట్టాడు. కూరగాయలామె ఉల్లిపాయలు ముందేసుకుంది. మిషను కిర్రుమంది. అదే ఇల్లు. చివర అదే వరుస. ఒకసారి రాస్తే చాలట, ఆ ఇంటి ఆర్డరు ఎప్పుడొచ్చినా ఆ మాటను మిషను తనంతట తనే అచ్చేస్తుందట.

మాస్టరు రెండు పొయ్యిలూ ఆపాడు. చీటీ తీసుకుని యజమాని ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"చదవండి సార్."

"అదేంటి, నువ్వే కదా చదివేది?"

"ఇది నేను చదవను. మిషను రాకముందు మీరేగా కేకేసింది. కేకెయ్యండి, ఆమెకు వినపడేట్టు."

యజమాని చీటీ అందుకున్నాడు. నవ్వబోయి, మాస్టరు మొహం చూసి మానేశాడు. రెండు అన్నం, ఒక కోడికూర అని మొదలుపెట్టాడు. గుడ్డట్లు కూడా చదివాడు. కారం తక్కువ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. ఆ తర్వాత పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

"రాసింది నేను కాదు కదా మాస్టరూ" అన్నాడు.

"నేనూ కాదు సార్. ఇది మీరు చదివేదాకా నేను పొయ్యి వెలిగించను."

వెనక పంపు చప్పుడు ఆగింది. మిషను మళ్లీ కిర్రుమంది, ఇంకోసారి కిర్రుమంది. చింపేవాళ్లు లేక కాగితం బల్ల మీదుగా జారి నేల మీద చుట్టలు పడుతోంది. గడప దగ్గర మరదలు తడిచేతులతో వచ్చి నిలబడింది. కేక పడితే పలకాలి కదా.