చేతిలో నిలవని బంతి

"ఊపిరి గట్టిగా పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు."

సీసపు అద్దం వెనక నుంచి ఆమె అన్న మాట బయట వరండాలో చివరి బెంచీ దాకా వినబడింది. పలకకు ఛాతీ ఆనించి నిలబడ్డ ముసలాయన కళ్ళు కూడా గట్టిగా మూసుకున్నాడు. ఆమె మీట నొక్కింది. యంత్రం గుర్రుమని ఊరుకుంది.

"ఇక వదలండి."

"మీరు చెప్పడం మరిచిపోతే నా పని అయిపోయేదమ్మా," అన్నాడాయన గుండీలు పెట్టుకుంటూ.

"అంత తేలిగ్గా పోనిస్తానా బాబాయ్‌గారూ. పక్క నుంచి ఇంకోటి తియ్యాలి మీకు."

ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఈ గదిలోనే ఎక్స్‌రేలు తీస్తోంది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. రోజంతా సీసం ఆప్రాన్ మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఇంట్లో కూడా కదలొద్దు, ఇటు తిరగండి అనే ధోరణే కాబట్టి భర్త ఆమె పిలిస్తే ముందు నిటారుగా నిలబడి, తరువాత ఏమిటని అడుగుతాడు. చెప్పుకోదగ్గదంటూ ఆమెకు ఉన్నది ఒక్క గొంతే. కాలేజీలో ఆమెను మైకు అనేవారు. బాస్కెట్‌బాల్ పోటీ ఉందంటే మెట్ల మీద మొదటి వరస ఆమెది, ఆమె స్నేహితులది. ఆమె పాట అందుకుంటే హాలంతా అందుకునేది. ఆ మూడేళ్ళ మాట వస్తే ఇప్పటికీ ఆమె మొహం విచ్చుకుంటుంది.

తరువాతి చీటీ మీద రెండు మోకాళ్ళు, కుడి మోకాలి కింది ఎముక అని రాసి ఉంది. పేరు చదివి పిలిచింది. బెంచీ చివర నుంచి ఒక మనిషి లేచింది. ఆ లేవడం పూర్తవడానికి కాస్త సమయం పట్టింది. గుమ్మం ఆమె తలకన్నా జానెడు పైనే ఉన్నా, ఆమె అలవాటుగా మెడ వంచి లోపలికి వచ్చింది.

ఆ మెడ వంచడం చూడగానే మైకుకు కాలేజీ వ్యాయామశాల తలుపు గుర్తొచ్చింది. కొంగ. మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. మళ్ళీ చీటీ చూసింది. ఈ పేరా? మూడేళ్ళు గొంతు చించుకుని అరిచింది కానీ, ఈ పేరు వినడం ఇదే మొదటిసారి. ఎందుకో కాస్త చిన్నతనంగా అనిపించింది.

"నువ్వు కాలేజీలో ఆడేదానివి కదూ, బాస్కెట్‌బాల్?"

"ఆడేదాన్నండీ," అంది ఆ పొడుగు మనిషి. "బయట కూర్చుని మీ మాట విన్నాను. అప్పుడే గుర్తుపట్టాను."

"ఇంకా అదే గొంతంటావా?"

"అదే అండీ."

మైకు సంబరపడింది. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద పలక సర్దుతూ వివరాలడిగింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ అట. ఇరవై మూడేళ్ళు బెల్టు ముందు నిలబడే పని. ఇక నిలబడలేనని చెప్పేసిందట. రేపు పొద్దున తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతోంది. అక్కడి డాక్టరుకు చూపించుకోవడానికి ఫిల్ములు కావాలి. పాదాలు వాచి ఉన్నాయి. పిక్కల మీద నరాలు నీలంగా ముడిపడి ఉన్నాయి. పక్క గది నుంచి అర్జెంటు కేసని పిలుపు రావడంతో మైకు ఫిల్ములు సరిగ్గా చూడకుండానే లోపల డాక్టరుకు పంపించి, "రిపోర్టుకు గంట పడుతుంది, కూర్చో," అంది.

భోజనాల వేళ మెట్ల మలుపులో నిలబడి ఇద్దరు స్నేహితురాళ్ళకు ఒకేసారి ఫోన్ కలిపింది. ఒకరు జిరాక్సు. నోట్సులన్నీ ఇంకొకరివి చూసి దించుకున్నందుకు వచ్చిన పేరది. తరువాత నిజంగానే జిరాక్సు షాపు పెట్టుకుంది. రెండోది పిన్నీసు, ఇప్పుడు పేరుకు తగ్గట్టు ఏమీ లేదు.

"ఎవరొచ్చారో చెప్పుకోండి. కొంగ."

"నిజంగానా? మొదటి ఏడు గుర్తుందా మీకు, బంతి వస్తుంటే కళ్ళు మూసుకునేది," అంది జిరాక్సు.

"ఒకసారి మన బుట్టలోనే వేసింది. రెండో ఏడు ఆ కుంటి పరుగు చూడాలి. మనం దానికి చప్పట్లతో తాళం వేసేవాళ్ళం," అంది పిన్నీసు.

"అది కాదే, మూడో ఏటికి ఏం మారిందో అది చెప్పుకోవాలి," అంది మైకు. "బంతి చేతికి తగిలిందో లేదో ఇంకొకరి చేతిలో ఉండేది. తల తిప్పి చూసేది కూడా కాదు. ఫైనల్లో కెప్టెన్ వేసిన బుట్టల్లో సగం ఈమె పెట్టిన భిక్షే."

"కప్పు ఆమెదేనే నిజానికి. పేపర్లో ఫొటో చూశావుగా, అందరికీ మొహాలున్నాయి, ఆమెకు మెడ దాకానే. గేమ్స్ సారు ఒక్కసారైనా పేరెత్తి మెచ్చుకున్నాడా?" అంది జిరాక్సు.

"ఇంతకీ ఆమె పేరేమిటే?" అంది పిన్నీసు.

"పేరేమిటి, కొంగే కదా," అంది జిరాక్సు. ముగ్గురూ నవ్వారు. మైకు కూడా నవ్వింది. చీటీలో చదివిన పేరు అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

"ఫోన్ ఆమెకివ్వవే, మన మాట వింటే సంతోషిస్తుంది."

మైకు వరండాలోకి వచ్చి స్పీకర్ పెట్టి ఫోను పొడుగు మనిషి ముందు చాపింది. "మనవాళ్ళు. నీ గురించే చెప్పుకుంటున్నాం."

ఆమె అందుకోగానే ఫోన్లోంచి పాత పాట రెండు గొంతులతో పెద్దగా వచ్చింది. "కొంగా కొంగా కాలెత్తు, కుంటి కొంగా పరుగెత్తు." వెనక చప్పట్లు. వరండాలో జనం తలలు తిప్పారు. చేతికి కట్టుతో ఉన్న ఒకాయన ఆమెను కింది నుంచి పైదాకా చూసి, పాట కుదిరిందని కాబోలు, నవ్వాపుకోలేకపోయాడు.

"బాగున్నారాండీ," అంది ఆమె ఫోనుతో. మరుక్షణం ఫోను మైకు చేతిలో ఉంది. ఎప్పుడు తిరిగి ఇచ్చిందో మైకుకు తెలియలేదు. ఇటు చూడనైనా చూడలేదు.

మైకు ఫోన్ కట్ చేసింది. ఏదో చెడిందని తెలుస్తోంది, ఏమిటో తెలియలేదు. రిపోర్టు వచ్చిందని లోపల నుంచి పిలిచారు. ఫిల్ములు లైటు పెట్టె మీద పెట్టింది. మోకాళ్ళు అరిగిపోయాయి, అది ఊహించిందే. ఆ కింద, కుడికాలి ఎముక మీద వాలుగా ఒక పాత గీత, దాని చుట్టూ వంకరగా పెరిగిన గడ్డ. 'పాత విరుపు, కట్టు లేకుండా అతుక్కున్నది' అని డాక్టరు రాశాడు.

పొడుగు మనిషి లోపలికి వచ్చేదాకా మైకు అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఇదెప్పుడు విరిగింది?"

"రెండో ఏడండీ. విరిగిందని నాకూ తెలియదు. బెణికిందనుకున్నాను."

"ఎవరికైనా చెప్పాల్సింది."

"ఎవరికి చెప్పనండీ?" ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

మైకు ఫిల్ములు పెట్టె మీది నుంచి తీసి కవర్లో పెట్టింది. మాట మార్చాలని, "మూడో ఏడు మాత్రం ఎంత బాగా ఆడావు. ఆ పాస్‌లు నీకెవరు నేర్పారసలు?" అంది.

"ఎవరూ నేర్పలేదండీ. బంతి నా చేతిలో ఉన్నంతసేపే మీరు పాడేవారు. అందుకని తొందరగా ఇచ్చెయ్యడం నేర్చుకున్నాను." ఫిల్ముల కవరు అందుకుని జాగ్రత్తగా సంచిలో నిలువుగా పెట్టుకుంది. "మంచి అలవాటే అయింది. బెల్టు దగ్గర నా అంత చురుగ్గా అందించేవాళ్ళు లేరనేవారు."

"మేం సరదాకి... మాకూ ఉండేవి అలాంటి పేర్లు."

"తెలుసండీ. ఫైనల్‌కి మా అమ్మ వచ్చింది. ఆట ఏమీ తెలియదు తనకి. హాలంతా ఎవరినే అలా పిలుస్తున్నారు అని అడిగింది. ఇంకో అమ్మాయిని అని చెప్పాను."

  "ఏమీ అనుకోకు," అంది మైకు.

"ఏమనుకుంటానండీ. వస్తాను."

మెడ వంచి గుమ్మం దాటి ఆమె వెళ్ళిపోయింది.

తరువాతి టోకెను ఒక గృహిణిది, ఛాతీ ఫిల్ము. మైకు అద్దం వెనక్కి వెళ్ళి చెప్పవలసింది చెప్పింది.

"ఏమన్నారు? వినబడలేదు," అందావిడ.

మళ్ళీ చెప్పింది. మీట నొక్కింది. ఆవిడ తెర వెనక బట్టలు సర్దుకుంటూ, "ఇక్కడ ఎవరిదో ఉండిపోయిందండీ," అని ఒక వస్తువు అందించింది. మోకాలికి తొడుక్కునే సాగే పట్టీ. మైకు దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద రోడ్డు మీద జనం తలలన్నిటికీ పైన ఆ తల, మలుపుకు ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి ఒక్క కేక వేస్తే చాలు. అంత దూరం ఆమె గొంతుకు లెక్కే కాదు.

ఊపిరి పీల్చుకుంది. పొద్దున చీటీలో చదివిన పేరు కోసం వెతుక్కుంది. నాలుక మీదికి ఒక్క పేరే వచ్చింది.

కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల మలుపు తిరిగింది.

పట్టీ ఎప్పటిదో, రంగు వెలిసిపోయింది. సాగు పోయిన చోటల్లా ఒకసారి నల్ల దారంతో, ఒకసారి తెల్ల దారంతో, చిన్న చిన్న కుట్లతో ఎంతో ఓపికగా బిగించి ఉంది.