కుప్పమ్మాళ్ తుండు కింద చేతులు

పిల్లలూ, మన ఇంట్లో బేరం కుదిరితే చేతుల మీద గుడ్డ కప్పరు. అరచేతిలో అరచెయ్యి వేసి, అందరికీ కనబడేలా పట్టుకుంటారు. ఎందుకో మీకు ఎవరూ చెప్పలేదు. మీరు పుట్టేసరికే మనం ఆ ఊళ్లకు దూరమయ్యాం. నేను విన్నది విన్నట్టు చెబుతాను. ఏ సంవత్సరమో నాకు సరిగ్గా తెలియదు. కోయంబత్తూరు సీమలో కుంఫిణీ పాలన కుదురుకున్న రోజులని మాత్రం తెలుసు.

అన్నూరులో కుప్పమ్మాళ్ పొద్దున్నే లేచి వాకిలి చిమ్మేది, ఎద్దులకు కుడితి పెట్టేది, ఆ తరవాత కొట్టం తలుపు తీసేది. కొట్టంలో పత్తి నుంచి గింజ తీసే చెక్క మరలు నాలుగు. నలుగురు ఆడవాళ్లు వాటిని తిప్పితే గింజ ఇవతల రాలేది, దూది అవతల పడేది. నలుగురిలో పెద్దది వీరమ్మాళ్. ఆమె చెయ్యి ఎంత ఆడేదో నోరూ అంతే ఆడేది.

మరలు కిర్రుమనడం మొదలయ్యాక కుప్పమ్మాళ్ గడప మీద కూర్చుని, చనిపోయిన భర్త ఆండియప్ప భుజాన వేసుకునే తుండును ఒళ్లో పరచుకుని, దాని కింద కుడిచెయ్యి పెట్టేది.

అప్పట్లో సంతలో ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ తుండు కింద చేతులు కలిపి, ఒకరి వేళ్లు ఒకరు నొక్కి చెప్పుకునేవారు. ఆండియప్ప ఇరవై ఏళ్లు ఆ ఒక్క తుండు కిందే బేరాలు చేశాడు. దాని కింద చెయ్యి పెట్టినవాళ్లు ఇంటికి వెళ్లిపోయినా వాళ్ల చేతులు అందులో ఉండిపోయేవి. ఉడుమలైపేట అప్పసామిది ఉంగరపు వేలు వంకర. ఆండిపట్టి షావుకారుది మెత్తటి చెయ్యి. ఏ చెయ్యి గట్టిగా పట్టుకుంటే ఆ ఊళ్లో దూదికి కరువని కుప్పమ్మాళ్‌కు తెలిసేది. బండి అటు తోలించేది. నాలుగు మరల కొట్టం అలా నిలబడింది.

పక్క కొట్టాల వాళ్లు దారిన పోతూ అడిగేవారు.

"ఏం అమ్మణీ, ఆండిపట్టిలో వాన ఉండాదా?"

"ఉండాది. చెయ్యి తడిగా తగల్తా ఉండాది."

"అట్లయితే రేపు మా బండి పోదులే," అని వాళ్లు తమ దారిన పోయేవారు.

ఆండియప్ప ఒక కట్టుబాటు పెట్టి పోయాడు. ఎవరి సరుకుకు వాళ్ల చెయ్యే తుండు కిందకు రావాలి. ఇంకొకరి కోసం బేరమాడేవాడి చెయ్యి రాకూడదు.

ఒక మాసి నెలలో, చలి తగ్గే రోజుల్లో, నరసింహన్ అనేవాడు వచ్చాడు. తూత్తుకుడి రేవు దగ్గర గిడ్డంగి కట్టిన ఒక దొర తరఫున దూది కొంటున్నాడు. తమిళంలో మొదలుపెట్టి, కొట్టంలో ఆడవాళ్ల తెలుగు మాట చెవిన పడగానే తెలుగులోకి మారాడు.

"మీరు మనవాళ్లా అక్కా? ఇంత దూరం వచ్చి ఇంటి మాట విని ఎన్నాళ్లయిందో."

కుప్పమ్మాళ్ మజ్జిగ ఇచ్చింది. ఎవరి తాత ఏ ఊరి నుంచి వచ్చాడో ఇద్దరూ మాట్లాడుకున్నారు. అతను సరుకు మొత్తం తీసుకుంటానని చెయ్యి చాపాడు. ఆమె భర్త కట్టుబాటు పక్కన పెట్టి తుండు పరిచింది. అతను తమిళమే మాట్లాడి ఉంటే పరిచేది కాదు.

మొదట్లో బాగానే ఉంది. వారం వారం గిడ్డంగి బండ్లు వచ్చి దూది ఎత్తుకుపోయేవి. కానీ కుప్పమ్మాళ్ ఎప్పుడు చెయ్యి పెట్టినా ముందు నరసింహన్ వేళ్లే తగిలేవి. తక్కిన చేతులను తడుముతూ, ఎవరు ఎంత ఇస్తారో కనిపెడుతూ ఉండేవి. మరుసటి నెల, పంగునికి, ఆండిపట్టి చెయ్యి చల్లబడింది. తరవాత వంకర వేలు కూడా తగలడం మానేసింది.

అప్పసామి ఆ దారిన పోతూ కొట్టం ముందు బండి ఆపాడు, కానీ దిగలేదు.

"ఏం అన్నా, మా దూది చేదయిందా?" అంది కుప్పమ్మాళ్.

"కోపం వద్దు అమ్మణీ. నీ తుండులో ఎవరో నా నాడి చూస్తా ఉండారు. నేను మనసులో అనుకున్న ధర నా కంటే ముందే సంతకు పోయి కూర్చోని ఉంటాది. ఇంక యాపారం ఎట్లా చేసేది? నా బండ్లు కూడా గిడ్డంగికే కట్టేసినా."

మరుసటి వారం గిడ్డంగి బండ్లు రాలేదు. ఆ పై వారం నరసింహన్ ఒక్కడే వచ్చాడు.

"ఇక మీద ఒక వేలు తక్కువ అక్కా. సరుకు మాకు తప్ప ఎవరికీ పోకూడదు. శుక్రవారం సంతలో చెయ్యి కలుపు. లేకుంటే బండ్లు రావు."

ఆ ధరకు నాలుగు మరలు తిరగవు, రెండే తిరుగుతాయి. ఒప్పుకోకపోతే రెండు వారాల దూది కొట్టంలోనే ఉంది, కప్పుకు చిల్లులున్నాయి, చిత్తిరై నెలలో పడే ఎండాకాలపు వానలు దగ్గర పడ్డాయి. తడిసిన దూదిని ఎవరూ ముట్టరు.

గురువారం మధ్యాహ్నం మరలు ఆగి ఉన్నాయి. కుప్పమ్మాళ్ తుండు కింద చెయ్యి పెట్టింది. నరసింహన్ వేళ్లు వచ్చాయి. ఈసారి ఆమె వాటిని తోసుకుని ఇంకా కిందికి వెతికింది. అన్నిటికంటే అడుగున ఒక చిన్న చెయ్యి తగిలింది. నూలు లాగి లాగి బొటనవేలు గాడి పడి ఉంది. అది ఆమె అయిదు వేళ్లనూ కలిపి పట్టుకుని వదల్లేదు.

"ఇది ఆడచెయ్యి," అంది.

వీరమ్మాళ్ తల గోక్కుంది. "మదురైది అయి ఉంటాది. మీ ఆయన జొరాలొచ్చిన ఏడాది అక్కడికి పోయినాడే, కొనేవాడు మంచం మీద ఉంటే యాపారం తన చేతికి తీసుకున్న పెళ్లాం వచ్చి చెయ్యి పెట్టిందంట. మూకాయో ఏమో. ఆడదానితో బేరమాడి ఓడి వచ్చినానని ఒక నెల నవ్వినాడు."

"తుండు నా చేతికి వచ్చి పదేళ్లు, ఎప్పుడూ తగల్లేదే."

"మొగోళ్ల చేతుల అడుగున ఉంటే ఎట్లా తగల్తాది?"

శుక్రవారం సంతలో నరసింహన్ చెయ్యి చాపాడు. కుప్పమ్మాళ్ తుండు మడిచి భుజాన వేసుకుంది.

"నీ చెయ్యి మంచిదే తమ్ముడా. దాని వెనక ఉండే చెయ్యి ఎవరిదో నాకు తెలీదు."

ఆమె, వీరమ్మాళ్ కలిసి బండి నిండా దూది కట్టి, పైన తాటాకు చాపలు కప్పి బయలుదేరారు. ఉడుమలైపేటలో అప్పసామి తన బండి ఇవ్వలేకపోయాడు. ఊరి చివరి దాకా పక్కన నడిచి, ఏ వాగులో నీళ్లు లేవో చెప్పి వెనక్కి వెళ్లాడు. తొమ్మిదో రోజు మదురై చేరారు. వాన వాళ్ల వెనకే వచ్చింది.

మూకాయి తెలుగువాళ్ల వీధిలో పదకొండు మంది ఆడవాళ్లతో నూలు వడికించేది. దూదంతా రేవుకు పోతూ ఉండడంతో రాట్నాలు అటక ఎక్కాయి. బండి చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఇన్ని నాళ్లా వచ్చేది? పట్టుకోని పట్టుకోని నా చెయ్యి తిమ్మిరెక్కిపోయింది."

"నువ్వు ఉండావని నాకు తెలిస్తే గదా?"

బేరానికి కుప్పమ్మాళ్ అలవాటు కొద్దీ తుండు తీసి, ఆగింది. అందులోకి వచ్చిన చెయ్యి బయటికి పోదు. తుండు మళ్లీ మడిచి బండి మీద పెట్టింది. ఇద్దరూ వీధిలో, పదకొండు మంది చూస్తుండగా, అరచేతిలో అరచెయ్యి వేసి ధర పైకే చెప్పుకున్నారు. నాలుగు మరలూ మళ్లీ తిరిగాయి. మరుసటి బండిలో అన్నూరులో ఇంకో రెండు కొట్టాల వాళ్లు తమ మూటలు కూడా వేశారు. తక్కినవాళ్లు గిడ్డంగితోనే ఉండిపోయారు. వాళ్లకూ పిల్లలున్నారు, వాళ్లను తప్పు పట్టవద్దు.

తుండు కొట్టంలో కొయ్యకు వేలాడేది. గాలి లేకపోయినా దాని మధ్యలో గుడ్డ కదిలేది. ఎవరైనా దొరుకుతారేమోనని నరసింహన్ వేళ్లు చాలా ఏళ్లు అందులో తడుముకుంటూనే ఉన్నాయట.

మీ పిల్లలకు ఇది చెప్పండి. మీకు ఎంత తెలుగు వస్తే అంత తెలుగులోనే చెప్పండి. మనవాడే కదా అని కుప్పమ్మాళ్ తుండు పరిచిన సంగతి మాత్రం వదిలిపెట్టకండి.