సగం దగ్గు

బస్టాండు పై అంతస్తులో, అద్దాల గదిలో ఆమె ఉద్యోగం. ఏ బస్సు ఎక్కడికొస్తుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పాలి. డ్యూటీ ఎక్కగానే గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగి, ఒళ్ళో రుమాలు పరుచుకునేది. దగ్గు వచ్చేలా ఉంటే మైకు ఆపేసి, దగ్గి, రుమాలు చూసుకునేది. అది ఆకుపచ్చగా ఉందంటే అవతల ఆకుపచ్చ బండికి రంగు పడుతోందన్నమాట.

మధ్యాహ్నం అతనికి ఫోన్ చేసి, "పొద్దుట్నుంచీ నీలమేనా?" అనేది.

"వ్యాను. ఇంకో కోటింగుంది, ఓర్చుకో," అనేవాడు.

అతను కార్ల షెడ్డులో పెయింటరు. ఏళ్ళ తరబడి స్ప్రేగన్ను పట్టి ఊపిరితిత్తుల నిండా రంగు పట్టించుకున్నాడు. ఇద్దరికీ మనసులు కలిసిన వారంలోనే అతని దగ్గులో సగం ఆమెకొచ్చింది. దాన్నెవరూ వింతగా చూడలేదు. "పెళ్ళికి ముందు మీ బావ పన్నునొప్పి నేను మొయ్యలేదూ? పన్ను ఆయనది, బుగ్గ వాచింది నాకు," అంటూ అక్క ఆ రుమాళ్ళు సబ్బునీళ్ళలో నానేసేది. ఆమె ఉండేది అక్కావాళ్ళింట్లోనే.

మొదట్లో ఆ దగ్గు ఆమెకి ముద్దుగానే ఉండేది. పోనుపోను మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు. పని మానెయ్యమని అతన్ని బతిమాలింది. "నాకేమంత దగ్గుందనీ? అప్పుడప్పుడూ ఓ తెర వస్తుందంతే," అనేవాడు అతను. మాస్కు కొనిస్తే ఉక్కపోస్తోందని మెళ్ళో వేలాడేసుకునేవాడు.

ఒకరోజు మైకు ఆపేలోపే దగ్గు ముంచుకొచ్చింది. చెప్పాల్సిన ప్లాట్‌ఫారం నంబరు అందులోనే కొట్టుకుపోయింది. ఓ ముసలావిడ సామాను మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తి, తన బస్సు కళ్ళముందే వెళ్ళిపోతుంటే చతికిలబడిపోయింది. సూపర్‌వైజరు ఆమెని కసిరాడు. "ఇంకోసారి ఇలా అయితే మైకు వేరేవాళ్ళకిస్తాను."

డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూశాడు. "జబ్బు మీది కాదు. కానీ ముందు పోయేది మీరే. మీది బలహీనమైన ఛాతీ. కొన్నాళ్ళు ఈ బరువు దించుకోవాలమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక అక్క పక్కన కూర్చుంది. "విడిపొమ్మనడం లేదే పిచ్చిదానా. కొన్నాళ్ళు ఆగండి. ఇద్దరూ సరే అనుకుంటే ఈ పంపకం ఆగుతుంది. మళ్ళీ ఇద్దరూ సరే అనుకుంటే మొదలవుతుంది."

మర్నాడు ఆమె షెడ్డుకెళ్ళింది. అతను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. విషయం చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది కూడా.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"నాకు ఊపిరి తిరిగేదాకా. నువ్వు సరేనంటేనే."

అతను నవ్వబోయి ఊరుకున్నాడు. "సరే," అన్నాడు.

"సరే," అంది ఆమె. ఛాతీ మీంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టయింది. వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండుకి నడిచింది. ఆమె వీధి మలుపు తిరక్కముందే షెడ్డులో అతను గోడ పట్టుకుని వంగిపోయాడు.

రుమాళ్ళు తెల్లబడ్డాయి. ఆమె గొంతు కంచులా మోగసాగింది. మెట్లు రెండేసి ఎక్కేది, ఆకలేసి రెండోసారి వడ్డించమనేది. అలా హాయిగా ఉన్నందుకు సిగ్గుపడేది కూడా. ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్ళి, ఇంకొన్నాళ్ళాగుదాం, పూర్తిగా కోలుకున్నాకే వెళ్దాం అనుకునేది. అతనూ చెయ్యలేదు.

వానలు మొదలయ్యాక షెడ్డులో సొట్టలు తీసే పెద్దాయన తడుస్తూ వచ్చి ఆమె గది తలుపు తట్టాడు.

"మావాడు ఆసుపత్రిలో ఉన్నాడు తల్లీ. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను ఒట్టు గట్టున పెట్టి వచ్చాను."

ఆమె మైకు అలాగే వదిలేసి పరిగెత్తింది.

మంచంలో అతను సగమయ్యాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన బేసిన్‌లో అన్ని రంగులూ కలిసిపోయిన బురద. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"చాలిక. నా ఊపిరి తిరిగింది. మళ్ళీ మొదలెడదాం. నా సగం నాకిచ్చెయ్."

అతను తల అడ్డంగా ఊపాడు.

"సరే అను. ఒక్క మాట. డాక్టర్లు సగమైతే నయం చేస్తారు, మొత్తమంటే వాళ్ళ వల్ల కాదు."

"నేనూ అడిగాను వాళ్ళని. సగం నీకొస్తే నువ్వు నాలుగు నెలలు బతకవట." ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. "నీకెంత బరువు పెట్టానో నాకు తెలీలేదు. తేలిగ్గా ఉంది కదా అని మాస్కు కూడా పెట్టుకోలేదు. నాది తేలిగ్గా ఎందుకుందో ఒక్కరోజూ ఆలోచించలేదు."

"అవన్నీ ఇప్పుడెందుకు? సరే అనరా, నీకు దణ్ణం పెడతాను."

"ఇంకొన్నాళ్ళాగుదాం," అన్నాడు.

రోజూ వెళ్ళేది. బతిమాలేది, తిట్టేది, అలిగేది. అతను అన్నీ వినేవాడు. అదే మాట అనేవాడు. మాట పడిపోయాక చూపుడువేలు అడ్డంగా ఆడించేవాడు. అతని ఛాతీకి చెవి ఆనించి, తనే పనిగట్టుకుని దగ్గి చూసేది. ఉత్త గాలి వచ్చేది.

ఓ వాన వెలిసిన పొద్దున ఆమె చెయ్యి పట్టుకునే అతను వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి అక్క బలవంతంగా ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ముందూ వెనకా గొట్టం పెట్టి విన్నాడు. గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. అది ఎక్కడా అడ్డం పడకుండా నిండా వెళ్ళి నిండా వచ్చింది.

"నిక్షేపంలా ఉన్నారు. నిండు నూరేళ్ళు బతుకుతారు," అన్నాడు.

అక్క దేవుడికి చేతులెత్తి మొక్కింది. ఆమె బల్ల మీంచి దిగలేదు.

"ఇంకోసారి చూడండి డాక్టరుగారూ," అంది. "ఏ మూలో కాస్తయినా ఉండి ఉంటుంది."