మొక్కులో మిగిలిన తొమ్మిది రోజులు

మా అమ్మ ఫిర్మీనా చనిపోయాక కూడా నీళ్లు మోయడం మానలేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను ఇరవై రోజులు చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

కిందటేడు నాకు విషజ్వరం వచ్చింది. ఫాదరు వచ్చి, పోయేవాళ్లకు చివరగా నూనె పూసి ఇచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చి వెళ్లారు. అప్పుడు అమ్మ పునీత ఫ్రాన్సిస్‌కు మొక్కుకుంది. మా వైపు అందరూ కొవ్వొత్తులో, తలవెంట్రుకలో మొక్కుకుంటారు. మా అమ్మ అలా తేలిగ్గా పోనిచ్చే మనిషి కాదు. పిల్ల బతికితే ఏడాదిపాటు రోజూ తెల్లవారగానే అనాక్లెటో గుమ్మంలో డబ్బాడు నీళ్లు పెడతానంది.

కరువు ఏడు తన చెరువు చుట్టూ ముళ్లకంచె వేసి, తుపాకీ పట్టుకుని కూర్చున్నవాడు ఈ అనాక్లెటో. ఆ ఏడే బురదనీళ్లు తాగి మా అన్న నివాల్దో పోయాడు. ఇప్పుడు ఆ అనాక్లెటోకు చూపు పోయింది, చెరువూ ఎండింది, పలకరించే దిక్కులేదు. అది చూస్తే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఊళ్లో ఇంతమంది ఉండగా నీకు వాడే దొరికాడా అని అమ్మతో పోట్లాడాను.

"చెయ్యాలనిపించింది చేస్తే అది మొక్కెలా అవుతుందే? చెయ్యబుద్ధి కానిదే దేవుడికివ్వాలి," అంది, డబ్బా నెత్తికెత్తుకుంటూ.

ఏటి ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి, మైలున్నర నడిచేది. తిరిగొచ్చాక ఒక్కనాడైనా కాఫీ కాచి ఆమె చేతికి ఇవ్వలేదు నేను.

మూడువందల యాభై ఆరో రోజు సాయంత్రం అమ్మ గుండె ఆగింది. ఇంకా తొమ్మిది రోజులు మిగిలాయి.

పాతిపెట్టిన మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే గడప దగ్గర తడి అడుగులు కనిపించాయి. ఎడమకాలి బొటనవేలు పక్కకు తిరిగి ఉంది. అది అమ్మ వేలే. నేలంతా నెర్రెలిచ్చి ఉన్నా ఆ అడుగుల్లో నీళ్లు నిలిచే ఉన్నాయి. నా ఒళ్లు చల్లబడిపోయింది. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం కూడా వేసింది.

జపాలు చెప్పే కితేరియా అత్త ఆ అడుగులు చూసి శిలువ గుర్తు వేసుకుంది. చచ్చినవాళ్లు మోసింది మొక్కులో చెల్లదనీ, కన్నబిడ్డ ఆ తొమ్మిది రోజులూ తీరిస్తే అమ్మకు విశ్రాంతి దొరికి వెళ్లిపోతుందనీ చెప్పింది. ఆ పాపిష్ఠివాడికి నేను నీళ్లు మోయనన్నాను. అసలు మాట అది కాదు. అమ్మ వెళ్లిపోతుందంటే నేనెందుకు తీరుస్తాను? రోజూ పొద్దున తలుపు తీసి, ఆ తడి పక్కన కూర్చుని అమ్మతో కబుర్లు చెప్పుకునేదాన్ని.

రెండు వారాలు గడిచేసరికి అడుగులు ఈడ్చుకుపోయినట్టు పడసాగాయి. ఇరవయ్యో రోజున అడుగులు లేవు, మోకాళ్ల గుర్తులున్నాయి. నేను పరుగున అనాక్లెటో ఇంటికి వెళ్లాను. గుమ్మంలో మా డబ్బానే ఉంది. అడుగున గుక్కెడు నీళ్లున్నాయి.

"మీ అమ్మ ఇవాళ నాలుగుచోట్ల కూలబడింది పిల్లా," అన్నాడు ముసలాయన. "ఆ రొప్పు వినలేకపోతున్నా. వద్దు తల్లీ అంటే వినదు. ఆ నీళ్లు నా గొంతు దిగి వారమైంది."

నా స్వార్థం చచ్చిన మనిషిని మోకాళ్ల మీద నడిపించింది. అక్కడే నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు డబ్బా నేనే ఎత్తుకున్నాను. దారిలో నా వెనకే రొప్పుతూ ఎవరో నడుస్తున్నారు. నేను తిరిగి చూడలేదు. చూస్తే కాళ్లు సాగవని తెలుసు. రోజురోజుకూ ఆ రొప్పు తగ్గింది. ఎనిమిదో రోజుకు, నిద్రపోయే మనిషి ఊపిరిలా మెత్తగా వినిపించింది.

తొమ్మిదో రోజు చెలమ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నింపిన డబ్బాను కావాలనే ఇసుకలో ఒలకబోసి మళ్లీ నింపాను. ఇంక ఒలకబోయడానికి మనసు రాలేదు. పొద్దు చుర్రుమనేవేళకు ఆ గుమ్మంలో దించాను.

ముసలాయన తల వంచి చాలాసేపు చెవి ఒగ్గాడు.

"ఇన్నాళ్లూ ఇద్దరొచ్చేవారు," అన్నాడు. "ఇవాళ ఒక్కదానివే వచ్చావు."

నేను అమ్మా అని గట్టిగా ఏడ్చాను. ఆయన గాలిలో తడుముకుంటూ చెయ్యి చాచాడు. మా అన్నను చంపిన చెయ్యి అది. దగ్గర ఇంకెవరూ లేరు. పట్టుకున్నాను.