ఒక్క మాట పట్టే కిటికీ

నేను ఒక అట్టముక్కను. పుట్టింది మిఠాయి డబ్బా మూతగా. ఎవరికో ప్రమోషన్ వచ్చిందని ఆ డబ్బా బడికి వచ్చింది. లడ్డూలు క్షణాల్లో అయిపోయాయి, నన్ను చెత్తబుట్టలో పడేశారు. చిన్న తరగతులకు చెప్పే రాజలింగం సారు నన్ను బయటికి తీసి, దులిపి, బ్లేడుతో నడుమ సన్నని కిటికీ కోశారు. ఒక్క మాట మాత్రమే పట్టే కిటికీ.

పేజీ నిండా అక్షరాలు చూస్తే బెదిరిపోయే పిల్లలుంటారు. సారు నన్ను పుస్తకం మీద పెడితే మిగతా గోలంతా నా కింద దాక్కుంటుంది. 'చెట్టు' ఒక్కటే కనబడుతుంది. దాన్ని గెలిచాక పక్కదాని దగ్గరికి పోవచ్చు.

రెండో తరగతి నవనీతకు మాత్రం నాతో పని ఉంటుందని ఎవరూ అనుకోలేదు. బీడీలు చుట్టే గంగామణి కూతురు ఆమె. పుస్తకం తెరిస్తే చాలు, రాగం తీస్తూ గడగడా పాఠం ఒప్పజెప్పేది. తల్లిదండ్రుల సమావేశంలో ఆమె చదువుతుంటే గంగామణి పాఠం సంగతి వదిలేసి, పక్కవాళ్ల ముఖాలే చూస్తూ కూర్చుంది. విద్యాధికారి తనిఖీకి వస్తున్నారని తెలియగానే, ప్రధానోపాధ్యాయురాలు విమల మేడమ్ ఆయన ముందు చదవాల్సింది నవనీతేనని తేల్చేశారు.

ఒక మధ్యాహ్నం సారు సరదాకి నన్ను నవనీత పుస్తకం మీద పెట్టారు. బొమ్మ మూసుకుపోయింది. ముందు మాట లేదు, వెనక మాట లేదు. కిటికీలో 'గొడుగు' ఒక్కటే ఉంది.

నవనీత నన్ను పక్కకు జరపబోయింది. సారు నవ్వుతూ పట్టుకున్నారు.

"చదువు బిడ్డా."

ఆమె పెదవులు కదిలాయి. పాఠాన్ని మొదటినుంచీ లోలోపల పాడుకుంటూ ఆ మాటదాకా రావాలని చూస్తోంది. నడుమ దారి తప్పింది.

"కప్ప" అంది.

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నా అంచు మీద ఉన్న ఆమె వేలు చల్లబడిపోయింది.

ఆ బడిలో ఒకటికీ రెండుకూ ఒకటే గది. నిరుడు ఒకటో తరగతిలో కూర్చునే ఆమె, సారు చెప్పిన రెండో తరగతి పాఠాలను చెవులతో పట్టేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఇక అక్షరాలను చూడాల్సిన అవసరమేముంది?

మరునాడు నవనీత రాలేదు. గంగామణి వచ్చింది.

"నా బిడ్డకు సదువు రాదన్నవట సారూ! మొన్న గంతమంది ముందల సదివింది గద! అబద్ధమా అది?"

"రాదనలేదమ్మా. ఆమె చెవి మస్తు పదును. కంటితోని చదువుడు ఇంక షురూ కాలేదు. ఇప్పుడు చూసీచూడనట్టు వదిలేస్తే ముంగట కష్టమైతది."

గంగామణి కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. కూతుర్ని మాత్రం మర్నాడు తనే దిగబెట్టింది.

సారు పాఠం పుస్తకం మూసేశారు. "నువ్వేదన్న చెప్పు, నేను రాస్త" అన్నారు. నవనీత నేల చూస్తూ "మా అమ్మ నిన్న ఏడ్సింది" అంది. సారు ఆమె అన్నది అన్నట్టే రాశారు. నన్ను దానిమీద ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కీ జరిపారు. పాడుకుంటూ వద్దామంటే దారి లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆమె చదివింది. చదవగలిగానన్న సంబరం ఆ ముఖంలో లేదు. తన మాట కాగితం మీద ఎంత బరువుగా ఉందో అప్పుడే చూసినట్టుంది.

"ఇప్పుడెందుకు సార్ ఈ పెంట?" అన్నారు విమల మేడమ్. "పాతపాఠం ఒప్పజెప్పనియ్యండి. బడికి పేరొస్తది."

సారు నన్ను నవనీత చేతికిచ్చి ఒకటే మాటన్నారు: "నీకెట్ల చదవబుద్ధయితే అట్ల చదువు."

తనిఖీ రోజు మేడమ్ పాతపాఠమే తీసి ఇచ్చారు. నవనీత పేజీలు తిప్పేసి, నిరుడు చెప్పకుండా మిగిలిపోయిన, తనెప్పుడూ వినని చివరి పాఠం తెరిచింది. సంచిలోంచి నన్ను తీసి పెట్టింది. "వా… గు… వాగు. వాగు… ఒ… డ్డు…" అధికారి గడియారం చూసుకున్నారు. "రెండో తరగతికి ఇంత నెమ్మదా?" అని ఏదో రాసుకుని బయటికి నడిచారు. మేడమ్ ముఖం ఎర్రబడింది. ఆమె కూడా సారు వంక చూడకుండా ఆయన వెంటే వెళ్లారు.

నవనీత ఆగలేదు. వినేవాళ్లు వెళ్లిపోయినా వాక్యం చివరిదాకా వెళ్లింది.

సారుకు మెమో వచ్చింది. మేడమ్ అప్పటికే ఇంకో పిల్లకు పాఠం బట్టీ పట్టిస్తున్నారు.

తనిఖీ జరిగిన సాయంత్రమే నవనీత నన్ను ఇంటికి తీసుకెళ్లింది. గంగామణి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంగతి ఆమెకు ముందే చేరింది.

"ఆగుకుంట ఆగుకుంట సదివినవంట గద?"

నవనీత తల్లి పక్కన కూర్చుని, పుస్తకం తెరిచి, నన్ను పెట్టింది.

"ఆ… కు."

గంగామణి చేతిలో ఉన్న తునికాకును చూసింది. వంగి, నా కిటికీలోకి చూసింది. ఆమెకు చదువు రాదు.

"గింతేనా? గింత చిన్నగుంటదా ఆకు?"

"ఊఁ."

గంగామణి నవ్వలేదు. చాట తీసి పక్కన పెట్టింది.

"పక్కది జూపియ్యి" అంది.