నిచ్చెన పట్టుకునే మనిషి

తోట కత్తెరకి సానపట్టడం ఇంట్లో ఆమె పనే. ఏటా చలి విరిగే రోజుల్లో, సెలవునాడు పొద్దున్నే, వంటింటి గట్టు మీద పాత గుడ్డ పరిచి, తుప్పు గీకి, సానరాయి మీద రుద్ది, మరలో కాస్త నూనె వేసి భర్త చేతికి అందించాలి. ఆయన దాన్ని గాలిలో ఒకసారి ఆడించి "ఊఁ, బాగానే నూరావు" అంటాడు. ఆ తర్వాత నిచ్చెన మోసుకురావడం, దాని కింద నిలబడి రెండు చేతులతో అదిమి పట్టుకోవడం, పైనుంచి రాలే ఆకులు జుట్టులో పడుతుంటే తల దించుకోవడం, అంతా అయ్యాక ఊడ్చి గంపలకెత్తి వెనక గోతిలో పోయడం. సాయంత్రం ఆయనకి నడుం పట్టేస్తే కాపడం పెట్టడమూ అందులోదే. మరుసటి వారం ఆయన ఆఫీసు స్నేహితులు టీకి వస్తారు. బంతుల్లా దిద్దిన పొదల మధ్య కుర్చీలు వేసుకుని "మీది చెయ్యి తిరిగిన పనండీ" అంటారు. అప్పుడు ఆమె కప్పులున్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుంది.

ఈ ఏడు సానరాయి మీద ఆమె చెయ్యి ఆడటం లేదు. కాస్త రుద్దడం, లేచి కిటికీలోంచి గోడవారన ఉన్న పొద వంక చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం.

"ఏమిటే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు.

"ఏం లేదత్తయ్యా."

ఆ పొద ఆమె అమ్మ ఇచ్చింది. పెళ్ళయిన కొత్తలో తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన ఒక్క కొమ్మ. అమ్మ వాకిట్లో అదే చెట్టు, ఎండలు ముదిరే ముందు, ఆకు కనబడకుండా తెల్లగా పూసేది. ఇక్కడ ఏపుగా పెరిగింది, గోడనీ దాటింది, పువ్వు మాత్రం పూయలేదు. "పుట్టింటి నుంచి ఏరి కోరి గొడ్డుచెట్టు తెచ్చుకున్నావే" అని అత్తగారు మొదట్లో నవ్వులాటకే అంది. రానురాను ఆ మాటలో నవ్వు పోయింది, మాట మిగిలింది. ఆయన మాత్రం నెమ్మదిగానే తేల్చేశాడు. "నేల మంచిది, నా కత్తిరింపు మంచిది. ఇంకేముంది, చెట్టులోనే లోపం. ఈ ఏడూ పూయకపోతే పీకించి బండలు పరిపిస్తాను. కారైనా పెట్టుకోవచ్చు." దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా ఆమె అందరి క్షేమం అడిగాక, చివర్లో సిగ్గుపడుతూ, ఆ చెట్టు గురించి కూడా ఒక మాట వేసేది.

మొన్న పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా పిలిచింది.

"అమ్మాయ్, ఈసారి మీ ఆయన్ని ఆ కొమ్మలు ఇంకాస్త ఇటు వదలమను. పూలు దేవుడికే సరిపోతున్నాయి. మా మనవరాలు తన గదిలో పెట్టుకుంటానంటే మిగలడం లేదు."

"ఏ పూలు పిన్నిగారూ?"

"అదేమిటి, మీ పూలే! ఏటా వేసవి ముందు మా ఇంటినిండా అదే వాసన. ఇటే ఇన్ని పూస్తే మీ వైపు ఇంకెన్ని పూస్తాయో అనుకుంటాను."

ఆమె తడి చేతులు తుడుచుకోకుండానే వీధి చుట్టి వాళ్ళ పెరట్లోకి వెళ్ళింది. గోడకి అవతల, నిచ్చెన ఎక్కి ఎంత వంగినా ఆయన కత్తెర అందని చోట, కొన్ని కొమ్మలు వాలి ఉన్నాయి. లేతవి కావు, నిరుటివి, గోధుమరంగుకి తిరిగినవి. కణుపు కణుపునా, ఆకు చాటున, బియ్యపుగింజంత మొగ్గ. ఇంటికొచ్చి తమ వైపు పొదలో తల దూర్చి వెతికింది. ఇక్కడా ఉన్నాయి, కొసల నిండా. అంటే ఏటా ఉన్నాయన్నమాట. ఏటా అవి తొడిగే వేళకే ఆయన వాటిని గుండ్రంగా కత్తిరించాడు, ఆమె ఊడ్చి గోతిలో పోసింది.

ఆ సాయంత్రం ప్రార్థనలో మనసు నిలవలేదు. నా చెట్టు పూలు ఏటా నీ దగ్గరికి వస్తూనే ఉన్నాయి కదా స్వామీ, మరి నేను అడిగినప్పుడల్లా ఏమీ ఎరగనట్టు ఎలా ఊరుకున్నావు? అడిగాక తప్పు చేసినట్టనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వచ్చింది. తను పనిచేసే ఆఫీసులో పై ఉద్యోగానికి పరీక్ష రాయమని ఆమె పైఅధికారి ఎప్పటినుంచో చెబుతోంది. దరఖాస్తు పంపే వారం రాగానే ఇంట్లో ఎవరో ఒకరు "ఇప్పుడా?" అంటారు. ఇప్పుడా, పిల్లకి పరీక్షలు కదా. ఇప్పుడా, అమ్మకి కంటి ఆపరేషన్ కదా. ఎవరూ వద్దనలేదు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. ఆ వారం దాటిపోయాక "అసలు నీకే ధ్యాస లేదోయ్" అని ఆయనే జాలిగా అనేవాడు.

"ఏమోయ్, కత్తెర అయిందా?" అంటూ ఆయన టోపీ పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అయింది. ఏమండీ, గోడవారన పొదని ఈసారి వదిలేయండి. మొగ్గలున్నాయి. పూశాక కొడదాం."

"వచ్చేవాళ్ళకి జుట్టు విరబోసుకున్న పొద చూపించనా? దానికి మొగ్గలేమిటి నీ మొహం!"

"పక్కింటి వైపు ఏటా పూస్తోందండీ. పిన్నిగారు చెప్పారు. నేనూ మొగ్గలు చూసొచ్చాను."

ఆయన ఆగాడు. కనుబొమలు ముడిచి గోడవైపు చూశాడు. ఆమెకి కాస్త ఆశ కలిగింది.

"గోడ దాటి అంత దూరం వాలిపోయిందా? చెప్పవేం మరి, వాళ్ళకి ఇబ్బంది కదా! అటువైపు కూడా కొట్టేస్తాను. పెద్ద నిచ్చెన తియ్యి."

ఆమె కత్తెర ఆయన చేతికిచ్చింది. అలవాటుపడ్డ కాళ్ళు కొట్టుగదిలోకి నడిచాయి, అలవాటుపడ్డ చేతులు నిచ్చెన మోసుకొచ్చి గోడకి ఆనించాయి. నేల ఎగుడుదిగుడు, నిచ్చెన కాలొకటి ఎప్పుడూ ఊగుతుంది. ఆయన కత్తెర చంకన పెట్టుకుని రెండు మెట్లెక్కాడు.

"పట్టుకో."

పైకి లేచిన చేతుల్ని ఆమె కిందికి దించింది.

"పట్టుకోను."

"ఏమిటీ?"

"నిచ్చెన పట్టుకోనండీ."

గొంతు పెద్దది చేయలేదు. ఇన్నాళ్ళూ నోటి దాకా రాని మాట ఇంత చిన్నదా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఊగుతోంది, పడతాను! తమాషాగా ఉందా? అమ్మా, చూడు నీ కోడలు!"

అత్తగారు చేతిలో బఠాణీ కాయతోనే గుమ్మంలోకి వచ్చింది. కొడుకునీ, కోడలినీ, పొదనీ చూసింది.

"ఏమిటే గొడవ?"

"మొగ్గలు తొడిగిందత్తయ్యా. కొట్టొద్దంటున్నాను."

"ఆ చెట్టా? నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశాను."

అత్తగారు గుమ్మం దిగి పొద వైపు రెండడుగులు వేసింది. "ఏం రంగు పూస్తుందే?" అంది.

"తెలుపు."

పైన ఆయన రెండో మెట్టు మీదే, ఒక చేత్తో గోడ పట్టుకుని ఉన్నాడు. ఎక్కలేడు, దిగలేడు. "ఇద్దరూ కబుర్లాడుకోండి. నేను ఇక్కడే ఉంటాను సాయంత్రం దాకా" అన్నాడు. మాట కోపంగానే ఉంది కానీ కింద నిచ్చెన ఊగుతూనే ఉంది.

ఆమె ముందుకి వచ్చి నిచ్చెనని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది. ఆయన మొహం తేటపడింది. కాలు పై మెట్టు కోసం వెతికింది.

"అటు కాదు," అంది ఆమె. "దిగడానికి పట్టుకున్నాను."